మూడో సిలిండర్‌లో నీళ్లు

సూర్యం రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేరిన రోజుల్లో ఇంజిన్ అంటే ఇల్లంత ఉండేది. మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లు. రిటైరయ్యాక ఆ హిందీ ఊళ్లోనే, సర్కండా పేటలో చిన్న ఇల్లు కట్టుకుని, ఒక పాత కారు కొన్నాడు. మొదటిసారి బానెట్ ఎత్తి చూసినప్పుడు అతనికి జాలేసింది.

"ఇంతేనా? మిగతాది ఎక్కడుంది?" అని అమ్మినవాణ్ణి అడిగాడు.

అయినా దాన్ని ప్రేమించాడు. షెడ్‌లో వందల ఇంజిన్లకు వైద్యం చేశాడు. ఒక్కటీ అతనిది కాదు. పలాస నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చిన తండ్రి రైలు పట్టాల మీదే బతికి, సైకిలు దాటి ఏదీ కొనలేదు. ఇది సూర్యంది. ఇంటి ముందు నిలబడుతుంది. తుడిస్తే మెరుస్తుంది.

చలికాలం రాగానే కారుకు జబ్బు చేసింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణికేది. తలుపులు, అద్దాలు, లోపల కూర్చున్నవాళ్ల పళ్లు అన్నీ ఒక్కటిగా వణికేవి. వెనక నుంచి తెల్లటి పొగ. కాసేపటికి అదే సర్దుకునేది, లేకపోతే ఆగిపోయేది. దానికి తోడు ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ తగ్గిపోయేది. ఎంత పోసినా తగ్గిపోయేది.

ఒక పొద్దున రైల్వే ఇన్‌స్టిట్యూట్ ముందు ఆగిపోయింది. అతని భార్య కనకమహాలక్ష్మి పట్టుచీరలో దిగి తోసింది. అటుగా పెళ్లికూతుర్ని తీసుకుపోతున్న బరాత్ వచ్చింది. బ్యాండువాళ్లు ఆమెను చూసి ముచ్చటపడి, ఆగి, ఆమె కోసం ఒక పాట వాయించారు. బండి కదిలేదాకా వాయించారు.

ఇంటికొచ్చాక ఆమె చీర మార్చుకోకుండానే తీర్పు చెప్పింది.

"ఏటండీ, వింటన్నారా? ఇంకొక్కసారి నా చెయ్యి ఈ బండి వెనకాల పడిందంటే, దీన్ని రాజేంద్రకి తూకానికి ఇచ్చీస్తాను. ఆదివారం రతన్‌పూర్ అమ్మవారి దగ్గరికి వెళ్దాం. అదే ఆఖరి పరీక్ష."

రాజేంద్ర ఆ వీధిలో పాత ఇనుము కొనేవాడు. కనకమహాలక్ష్మి మాటంటే మాటే. ఇదివరకు కుట్టుమిషను అలాగే వెళ్లిపోయింది.

మర్నాడు సూర్యం ఆమె లేవకముందే ఇంజిన్ని వేడిచేసి ఆపేశాడు. వేడి పోకుండా బానెట్ మీద డ్యూటీ రోజుల కంబళి కప్పాడు. ఆమె కాఫీ తాగుతుండగా మళ్లీ స్టార్ట్ చేశాడు. కారు బుద్ధిగా పలికింది.

"చూసేవా? ఎంత నెమ్మదిగా ఉందో."

ఆమె వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

"జొరమొచ్చిన పిల్లకి పౌడరు రాసి బడికి పంపుతారేటండీ? ఆదివారం చల్ల ఇంజినే. నేనే చెయ్యెట్టి చూస్తాను."

ఇక మోసం కుదరదు. రోగం కనుక్కోవాలి. సూర్యం పొరుగింటి ఎర్రయ్యను పిలిచాడు. ఎర్రయ్య రైలు పెట్టెలను పరీక్షించే పనిలో రిటైరైనవాడు. రైలు స్టేషన్లోకి వస్తుంటే పట్టాల పక్కన గొంతుక్కూర్చుని, కదిలే చక్రాల కింద ఏం వేలాడుతోందో, ఏం కారుతోందో చూడటమే అతని జీవితం. ఇప్పటికీ వీధిలోకి ఆటో వస్తే అప్రయత్నంగా మోకాళ్లు వంచుతాడు.

"నువ్వు వీధి చివరి నుంచి మెల్లగా తీసుకురా బావా. మిగతాది నాకొదిలీ" అన్నాడు ఎర్రయ్య.

సూర్యం కారు నడిపాడు. ఎర్రయ్య గోడవారగా కూర్చుని, టార్చి వేసి, తల దాదాపు నేలకు ఆనించి చూశాడు. పాలవాడు మోటార్‌సైకిల్ ఆపి తనూ వంగి చూశాడు. ఎందుకో అతనికి తెలియదు. కారు ఆగాక ఎర్రయ్య సుత్తి తీసి, అలవాటు కొద్దీ చక్రం మీద ఠంగుమని కొట్టాడు. చక్రం మూత ఊడి దొర్లుకుంటూ కాలవలో పడింది.

"చక్రం మంచిదే. మూతే వీక్" అన్నాడు ఎర్రయ్య.

"కారడం సంగతేటి?"

"ఒక్క చుక్క నేదు. బండి కింద నేల పొడి."

రాత్రంతా కారు కింద పాత పేపర్లు పరిచి చూశారు. పొద్దున్నకి అవీ పొడిగానే ఉన్నాయి. ఒక పిల్లి వాటి మీద హాయిగా పడుకుని ఉంది.

"తాగుతోంది గాని బయటికి వదలట్లేదు. కిడ్నీలేమో, టెస్టు చేయించు బావా" అన్నాడు ఎర్రయ్య.

సూర్యం నవ్వలేదు. తాగింది బయటికి రాకపోతే లోపలే ఉండాలి. లోపల అంటే ఎక్కడ?

షెడ్‌లో ఒక ఆచారం ఉండేది. చాలాసేపు ఆపి ఉంచిన ఇంజిన్ని ఉన్నపళంగా స్టార్ట్ చెయ్యరు. ముందు సిలిండర్ల పక్కనున్న చిన్న కుళాయిలు తెరిచి, ఇంజిన్ని చేత్తో తిప్పుతారు. సిలిండర్‌లో నీళ్లు చేరి ఉంటే కుళాయిలోంచి చిమ్ముతాయి. కారుకు ఆ కుళాయిలు లేవు. స్పార్క్ ప్లగ్గులున్నాయి. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గులుండవు. అందుకే సూర్యం ఇన్నాళ్లూ వాటివైపు చూడలేదు. నిప్పు పెడితే తప్ప మండలేని ఇంజిన్ అంటే అతనికి లోపల్లోపల చిన్నచూపు.

చిన్నచూపు పక్కనపెట్టి నాలుగు ప్లగ్గులూ ఊడదీశాడు. మూడు నల్లగా ఉన్నాయి. ఒకటి మాత్రం తలంటు పోసుకున్నట్టు తెల్లగా, తడిగా ఉంది. భార్యను తాళం తిప్పమన్నాడు.

"నేను తోయను."

"తోయొద్దే తల్లీ, తిప్పు."

ఆమె తిప్పింది. సరిగ్గా అప్పుడే ఎర్రయ్య, అచ్ఛా, లోపలేముందో చూద్దామని నోరు తెరుచుకుని వంగాడు. మూడో సిలిండర్ రంధ్రంలోంచి పచ్చని నీళ్లు పిచికారీలా చిమ్మి అతని ముఖం తడిపాయి.

ఎర్రయ్య పెదవులు చప్పరించాడు. "తియ్యగా ఉంది బావా."

"కూలెంట్రా అది! విషం! ఉమ్మీ! ఉమ్మీ!"

ఎర్రయ్య పెరటి కుళాయి దగ్గర చాలాసేపు పుక్కిలిస్తూనే ఉన్నాడు. సూర్యం అతని వెనక నిలబడి నవ్వుతున్నాడు. రోగం దొరికింది. ఇంజిన్‌కీ దాని తలకీ మధ్య పరిచే పలచని రేకు, హెడ్ గాస్కెట్, మూడో సిలిండర్ దగ్గర చిట్లింది. బండి ఆపాక కూలెంట్ బొట్టుబొట్టుగా అందులోకి దిగుతోంది. పొద్దున్న ఆ సిలిండర్ తడిసి మండదు. మిగతా మూడే లాగుతాయి. అందుకే ఆ వణుకు. కాసేపటికి లోపలి తడి ఆవిరై తెల్లటి పొగగా పోతుంది, వణుకు తగ్గుతుంది.

ఇంజిన్ తల విప్పాడు. లేత్ షాపులో దాన్ని చదును చేయించాడు. కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు మధ్యలోంచి అంచులకు వరసగా, విడతలు విడతలుగా బిగించాడు. ఎర్రయ్య సాయం చేస్తానన్నాడు గాని సుత్తి ఇంట్లో పెట్టి రమ్మన్నాడు.

ఆదివారం మంచు పడుతోంది. కబురందుకుని రాజేంద్ర తాడూ తోపుడుబండీ తెచ్చుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కనకమహాలక్ష్మి బానెట్ మీద చెయ్యి పెట్టింది. మంచుగడ్డలా ఉంది. వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. సూర్యం తాళం తిప్పాడు.

వణుకు లేదు. చప్పుడు లేదు. పళ్లు తగల్లేదు.

కనకమహాలక్ష్మి నిట్టూర్చింది. "అయిపోనాది. ఇది లెగనేదు." దిగి, తలుపేసి, కొంగు నడుముకు చెక్కుకుని, వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించింది.

తలుపు చప్పుడు విని, ఆమె సర్దుకుని కూర్చుందనుకున్నాడు సూర్యం. క్లచ్ వదిలాడు. కారు వెన్నలా జారింది. ఆమె నాలుగడుగులు దానితో పరుగెత్తి, తన చేతి బలానికి తనే ఆశ్చర్యపోయి, వీధి మధ్యలో ఆగిపోయింది.

సూర్యం అర్పా నది వంతెన దాకా గాస్కెట్ గురించి చెబుతూనే వెళ్లాడు. వంతెన మీద అనుమానం వచ్చింది. పెళ్లయ్యాక ఆమె ఇంతసేపు అడ్డురాకుండా ఎప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి చూశాడు. సీటు ఖాళీ.

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర పంచాయితీ నడుస్తోంది. రాజేంద్ర తాడు విప్పుతున్నాడు.

"అమ్మగారు తోశారు. నా కళ్లతో చూశాను" అన్నాడు హిందీలో.

"తోసింది గాని, బండి తోయమని అడగనేదు. ఇంజిన్ ఆడుతూనే ఉంది" అన్నాడు ఎర్రయ్య.

"మాట మాటే కదా!"

అందరూ కనకమహాలక్ష్మి వైపు చూశారు. సూర్యం స్టీరింగ్ వదల్లేదు. ఇంజిన్ ఆపలేదు. అది అతని చేతుల కింద నిద్రపోతున్న పిల్లలా ఊపిరి తీస్తోంది.

ఆమె కొంగు విప్పుకుని ముందు సీట్లో కూర్చుంది.

"బండి వదిలీ రాజేంద్రా. రతన్‌పూర్ నుంచి వచ్చాక రా. మాటిచ్చేను కదా, ఈయన్ని తూకం వేసుకుపోదువుగాని."