బరుకు చెయ్యి

మొన్న ఇస్నాపూర్ రేషన్ దుకాణంలో ఒక ముసలమ్మ వేలిముద్రను యంత్రం మళ్లీమళ్లీ కాదంది. "గీతలు అరిగినయ్ అవ్వా. నువ్వే నువ్వని ఎట్ల నమ్మాలె?" అన్నాడు డీలరు. నాకు ఒళ్లు మండింది.

నా చిన్నప్పుడు పటాన్‌చెరు అంగడికి సైకిలు మీద పట్టుబట్టలు తెచ్చే చీనా ఆయన ఉండేవాడు. వచ్చీరాని ఉర్దూలో పిల్లలమైన మాకు వాళ్ల దేశపు కథ చెప్పాడు. తల్లి ఇంట్లో లేనప్పుడు పులి వచ్చి, అమ్మమ్మనంటూ తలుపు కొడుతుందట. చెయ్యి ముట్టి చూడాలట. బరుకుగా ఉంటే పులేనట.

మర్నాడు అమ్మ చేనుకు పోయింది. ఉయ్యాలలో చెల్లెలు, గడియ పెట్టుకుని నేను. తలుపు చప్పుడైంది.

"గడియ తియ్యి బిడ్డా, అమ్మమ్మను."

జలుబు చేసి ఆమె గొంతు బొంగురుగా ఉంది. నాకు అనుమానం వచ్చింది.

"చెయ్యి చూపెట్టు."

తలుపు సందులోంచి వేళ్లు లోపలికి వచ్చాయి. ముట్టుకుంటే చెట్టు బెరడులా బరుకు.

"నువ్వు పులివి. మా చెల్లెను తింటవ్."

"పులినేరా. నోట్ల పండ్లే లేవు, ఎట్ల నములుత?"

నేను తీయలేదు. అమ్మ వచ్చేదాకా ఆమె ఎండలో గడప బయటే కూర్చుంది. అమ్మ నన్ను కొట్టబోతే అడ్డుపడింది.

"కొట్టకు. చెల్లెను గట్లనే కాపాడుకోవాలె."

ఊరివాళ్ల చేలల్లో కలుపు తీసి, జొన్న కోసి అట్లా అయిన చెయ్యి అది. పిల్లవాణ్ని, కథ విని భయపడ్డాను. ఈ యంత్రానికి ఆ కథ ఎవరు చెప్పారు?