స్కేలుతో గీసిన గీత

పోయిన వారం మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ ఖాయమై, కాగితాల పని పూర్తి చేయడానికి ఇద్దరం పంజాగుట్టలోని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. చల్లగా, నిగనిగలాడుతున్న ఆ హాల్లో గోడ మీది టీవీలో శబ్దం లేకుండా వార్తలు నడుస్తున్నాయి. గర్భం తీయడాన్ని నిషేధించిన ఏదో దేశంలో, ఉమ్మనీరు పోయి జ్వరంతో వచ్చిన ఒక గర్భిణిని, లోపలి బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందన్న కారణంతో డాక్టర్లు ముట్టుకోలేదనీ, వాళ్లు వకీళ్లను అడిగి తెలుసుకునేలోపల ఆమె పోయిందనీ కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. చెల్లెలు వాటిని చదివి కొంగు భుజం చుట్టూ లాక్కుంది. అంతలో కౌంటర్లోని అమ్మాయి కంప్యూటర్ నుంచి వచ్చిన కాగితాన్ని మా వైపు తిప్పి, "ఆంటీ, ఇక్కడ మీ సైన్, దాని కింద హస్బెండ్ సైన్" అంది. ఆ రెండో సంతకానికి వేసిన గీతను చూసి నేను కదలలేకపోయాను. ఆ గీత నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట అలాంటి గీతలు స్కేలు పెట్టి నా చేత్తో నేనే వందలకొద్దీ గీశాను.

మెట్రో స్తంభాలు రాకముందు అమీర్‌పేటను ఎరిగినవాళ్లకు చెబితే తెలుస్తుంది. మెయిన్ రోడ్డు వెనక సందులో, కింద మందుల షాపు, దాని మీద రెండంతస్తుల్లో మా నర్సింగ్ హోం, చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుండే కంప్యూటర్ కోచింగ్ బోర్డులు. నేను రోజూ బోరబండ నుంచి బస్సులో నిలబడి వచ్చి, తొమ్మిది కొట్టకముందే రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. పేరుకు రిసెప్షన్ గానీ ఫోన్లు, రిజిస్టర్లు, ప్రతి నెలా సర్కారుకు పంపే ఫారాలు అన్నీ నా నెత్తి మీదే ఉండేవి. యజమాని డాక్టరమ్మను అందరం మేడం అనేవాళ్లం. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పేరు తెచ్చుకున్న మనిషి, హస్తవాసి మంచిదని శ్రీనగర్ కాలనీ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, నేను కాదనను. నోటి సంగతి వేరు. నేను చేరిన మొదటి వారంలోనే, "ఏంటమ్మా నీ తెలుగు, ఇలా మాట్లాడితే వచ్చిన పేషెంట్లు కూడా పక్క ఆసుపత్రికి పోతారు" అని నలుగురి ముందు నవ్విన సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు. వార్షికోత్సవంలో వాచ్‌మన్‌తో సహా అందరి పేర్లూ చదివి, నా ఒక్కదాని పేరు వదిలేసిన సంగతీ అంతే.

నా కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయింది. దాన్ని బాగు చేయించమని పదకొండు అర్జీలు రాశాను, ప్రతి దాని కార్బన్ కాపీ ఈనాటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మా ఆయా నాకు అర్జీలమ్మ అని పేరు పెట్టి, నేను మెట్లెక్కుతుంటే "అర్జీలమ్మ ఒస్తుంది, అందరు జర పైలం" అని పైకి కేకేసేది. ఈ అర్జీల వల్ల కుర్చీ బాగుపడలేదు గానీ నేనొక విద్య నేర్చుకున్నాను. ఎవరైనా కాదంటే, సరే, ఆ కాదన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి అనాలి. నోటితో వంద సార్లు కాదనేవాళ్లు కాగితం ముందు పెట్టగానే దాహమేస్తోందని లేచిపోతారు.

ఇక ఆ గీత సంగతి. గర్భం తీయాల్సి వస్తే సంతకం పెట్టించే ఫారం ఉండేది. అచ్చులో ఉన్న దానిలో ఒకే సంతకానికి చోటు, ఆ స్త్రీది. మేడం మాత్రం, రేపు మొగుడొచ్చి గొడవ చేస్తే ఎవరు పడతారని, కింద భర్త సంతకం అని రాసి ఒక గీత గీయించేది. ఫారాల కట్ట రాగానే స్కేలు పెట్టి, నల్ల పెన్నుతో, వంకర పోకుండా యాభై గీతలు కూర్చున్న చోటి నుంచి లేవకుండా గీసేదాన్ని. అచ్చు వేసినట్టే ఉందని మేడం మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ రోజుల్లోనే, కడుపులో ఆడో మగో చెప్పడం మీద గట్టి తనిఖీలు మొదలయ్యాయి. మా దగ్గరికీ అధికారులొచ్చి స్కానింగ్ రిజిస్టర్లన్నీ తిరగేసి పోయారు. తప్పేమీ దొరకలేదు గానీ మేడం మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ భయంతో ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు, అది నేరం అని ఎర్రక్షరాల బోర్డులు మెట్ల దగ్గరొకటి, స్కానింగ్ గది మీదొకటి, నా నెత్తి మీదొకటి కొట్టించింది. వచ్చేవాళ్లకు అందులో నేరం అన్న మాటే కనబడేది. కడుపులో ఉన్నదాన్ని ఏ కారణానికి ముట్టుకున్నా జైలే అని వాళ్లు తీర్మానించుకున్నారు. వాళ్లకంటే చదువుకున్న మా జూనియర్ డాక్టరమ్మా అదే అనుకుంది, నాకు ఆశ్చర్యమంతా అక్కడే.

ఒకమ్మాయి ఉండేది, పంజాగుట్టలో గాజుల దుకాణంలో పనిచేసేది. ఐదో నెలలో రక్తం పోతూ వచ్చింది. మొగుడు పని మీద ఊళ్లో లేడు, సంతకం లేదు. రెండు గంటలు చూసి, పెద్ద సర్కారు దవాఖానకు పొమ్మన్నారు. రిజిస్టర్లో రెఫర్డ్ అన్న ఒక్క మాట రాసింది నేనే. పంజాగుట్ట ఫ్లైఓవర్ కడుతున్న రోజులు, ఆటో ఎర్రమంజిల్ దాటడానికే ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పది రోజుల తర్వాత, ఆమె కర్మకాండ ముగించుకుని, ఆమె భర్త వచ్చి ఫైలు కాపీ అడిగాడు. గొడవ చేయలేదు, ఏడవలేదు, నేను గీసిన ఖాళీ గీతను చూస్తూ, "గిక్కడ నేను పెట్టాల్నా అమ్మా? ఇప్పుడు పెట్టాల్నా?" అని అడిగాడు. నేను ఫైలు మూసేశాను.

ఆ తర్వాత నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఫారాల కట్టతో పాటు చట్టం పుస్తకం ఒకటి సన్నగా, ఇంగ్లీషులో వచ్చి పడుండేది. జూనియర్ డాక్టరమ్మ దాని మీద టీ గ్లాసు పెట్టుకునేది. నేను దాన్ని తుడిచి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మధ్యాహ్నాలు కూడబలుక్కుని చదివాను. మేజరైన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు. అప్పటి ఇరవై వారాల హద్దు కూడా, తల్లి ప్రాణం కాపాడ్డానికి వెంటనే తీయక తప్పదనుకుంటే అడ్డం రాదు, ఇద్దరు డాక్టర్ల మాటా అక్కర్లేదు, ఒక్కరు చాలు. సరిగ్గా ఆ వాక్యం చుట్టూ టీ గ్లాసు మరక గుండ్రంగా పడి ఉంది.

ఆ పుస్తకం చదివిన నెలకే, ఎండాకాలం, పదకొండు గంటల వేళ, మా చెల్లెల్ని ఆటోలోంచి ఎత్తుకుని తెచ్చారు. పెళ్లైన నాలుగేళ్లకు నిలిచిన కడుపు. ఇరవై ఒక్క వారాలు. రెండు రోజుల కిందే ఉమ్మనీరు పోతే, పడుకుంటే తగ్గుతుందని వాళ్ల అత్త పడుకోబెట్టింది, నాకు కబురే పంపలేదు. ఇప్పుడు ఒళ్లు కాలిపోతోంది, దుప్పటి కప్పినా పళ్లు కొట్టుకుంటున్నాయి. ఇంజెక్షన్లు ఇచ్చారు, సెలైన్ పెట్టారు, స్కాన్ చేశారు. విషం తల్లికి పాకుతోందనీ, నీరు లేని ఆ బిడ్డ ఎలాగూ దక్కదనీ మేడంకు తెలుసు, నాకూ చెప్పింది. కానీ గుండె కొట్టుకుంటోంది, వారాలు దాటాయి, తనిఖీ అయి ఆరు నెలలు కాలేదు, కనుక ఆగుదాం, లేదా పెద్ద దవాఖానకు తీసుకుపోండి అంది. రెఫర్డ్ అని రాయమని జూనియర్ డాక్టరమ్మ రిజిస్టర్ నా ముందుకు జరిపింది.

మా మరిది గోడకానుకుని నిలబడిపోయాడు. నేను సంతకం పెడతావా అని కూడా అడగలేదు, వాళ్లమ్మే ముందుకొచ్చి నా నెత్తి మీది బోర్డు చూపించింది. "నేరమని గంత పెద్దగ రాసి పెట్టిండ్రు. నా కొడుకును జైల్ల ఏపిస్తవా బిడ్డా?"

"గది ఆడపిల్లో మగపిల్లగాడో చెప్పుడు నేరమని అత్తమ్మా. పానం కాపాడుడు నేరమని ఏడ రాసిండ్రో చూపియ్యి" అన్నాను. ఆ బోర్డు ఎవరో చదివి చెబితే విన్న మాటే ఆమె అంది. చదువు రాదు పాపం, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

పుస్తకం పట్టుకుని మేడం గదిలోకి వెళ్లాను. వేలు ఆ మరక మధ్యలో పెట్టి ఆమె ముందుంచాను. ఆమె చూడకుండానే, "రిసెప్షన్‌లో కూర్చునేదానివి, నాకు చట్టం చెప్తావా?" అంది. ఆ మాట అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తుంది.

"నేను చెప్తలేను మేడం, మీ బల్ల మీది బుక్కే చెప్తుంది. మీరు చెయ్యనంటే చెయ్యకుండ్రి. పానం మీదికొచ్చింది, అయినా చెయ్యనని రాసియ్యుండ్రి, టైం ఏసి సంతకం పెట్టుండ్రి. రెఫర్డ్ అని మాత్రం ఇగ నేను రాయ." ఒక తెల్లకాగితం, నా పెన్ను పుస్తకం పక్కన పెట్టాను.

గుమ్మంలో నిలబడ్డ ఆయా, "అయిపాయె, అర్జీలమ్మకు కాయితం దొరికింది" అని గొణిగింది. మేడం ఆ కాగితం వైపు చూసింది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. ఇన్నేళ్లుగా ఆ కట్టలోని ఫారాల మీద సంతకాలు పెడుతున్న మనిషి ఆ వాక్యాన్ని అప్పుడే మొదటిసారి చదువుతోందని ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. నా తెల్లకాగితాన్ని మడిచి పక్కకు నెట్టి, "థియేటర్ రెడీ చేయమను" అంది.

కట్టలోంచి ఇంకా గీత గీయని ఫారం వెతికి తీసి చెల్లెలి దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చేతిలో పెన్ను నిలవడం లేదు. నేను పట్టుకుని పెట్టించవచ్చు, కానీ అది ఆమె సంతకం కావాలని ఆగాను. "బిడ్డ పోతదా అక్కా?" అని అడిగింది. పోతుందని చెప్పాను, అబద్ధం చెప్పలేదు. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. సాయంత్రానికి జ్వరం దిగడం మొదలుపెట్టింది. నాలుగో రోజు ఆమె లేచి కూర్చుని చారన్నం అడిగింది. బిడ్డ కోసం చాలా కాలం ఏడ్చింది, మా మరిదీ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, కానీ ఏడవడానికి ఆమె మిగిలింది.

మేడం నాకు ఒక్క మంచి మాట చెప్పలేదు. పైగా ఆరు నెలల తర్వాత బేగంపేటలోని ఒక హోటల్లో జరిగిన డాక్టర్ల సభలో, చట్టం తెలుసుకుని ధైర్యంగా ఒక తల్లిని ఎలా కాపాడిందో తానే చెప్పుకుంది. అతిథుల పేర్లు రాసుకునే పనికి నన్నూ తీసుకుపోయింది గనుక తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాను. పుస్తకం ఎవరు తెచ్చారో ఆ కథలో లేదు. దాని మీదా అర్జీ రాశాను, అది పన్నెండోది. కానీ న్యాయంగా చెప్పాలంటే, చెల్లెలు ఇంటికి పోయిన మరునాడు మేడం నా బల్ల పక్కగా నడుస్తూ, నా వైపు చూడకుండా, "ఇకనుంచి ఆ గీత గీయకు" అంది. నేను ఆ నర్సింగ్ హోంలో ఉన్న మిగతా ఎనిమిదేళ్లూ గీయలేదు. ఆ ఎనిమిదేళ్లలో మొగుడి సంతకం కోసం మా బల్ల దగ్గర ఏ ఆడమనిషీ ఆగిపోలేదు. నాకు శాలువా కప్పినవాళ్లు లేరు, ఈ ఒక్క మాట చెప్పుకునే హక్కు మాత్రం నాకుంది.

ఇదంతా గుర్తొచ్చి, పోయిన వారం ఆ కౌంటర్ అమ్మాయిని, ఈ రెండో గీత ఎవరు పెట్టమన్నారమ్మా అని అడిగాను. "ఎవరు పెట్టలే ఆంటీ, సిస్టంల అట్లనే వస్తది" అంది. అయితే భర్త సంతకం లేకుంటే ఆపరేషన్ చెయ్యబోమని మీ సిస్టంనే రాసిమ్మని చెప్పు అన్నాను. చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి పెద్దాయనను పిలిచింది, ఆయన ఇంకో ఆయనకు ఫోన్ చేశాడు, చివరికి పెన్ను తీసి ఆ గీత కొట్టేశాడు. చెల్లెలు అప్పటిలాగే ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. కానీ మేం ఇటు తిరిగేసరికి మా వెనక వరసలో, నిండా పాతికేళ్లు లేని ఒక గర్భిణి, పొట్ట కింద చెయ్యి ఆనించుకుని, ముఖమంతా చెమటతో, "ఏడున్నవ్? నీ సైన్ కావాల్నంట, జల్దీ రా" అని ఎవరినో ఫోన్లో బతిమాలుతోంది.

మా నర్సింగ్ హోం ఉన్న చోట ఇప్పుడు హాస్టల్ ఉంది, ఆ మెట్లు లేవు, ఆ బోర్డులు లేవు. వారాల హద్దు కొందరికి ఇరవై నాలుగు దాకా పెరిగిందట, సంతోషం. అప్పట్లో ఆ గీతకు ఒక చెయ్యి ఉండేది, అది నాది, ఆపమంటే ఆగింది. ఇప్పుడది ఎవరూ గీయకుండానే తిన్నగా, నా స్కేలు కంటే తిన్నగా, వరసలో ప్రతి ఆడమనిషి ముందుకూ వచ్చి పడుతోంది. "ఇగ పోదాం పా అక్కా, కాళ్లు గుంజుతున్నయి" అని చెల్లెలు చెయ్యి పట్టుకుంది. ఆమెను అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పిల్ల పక్కన పోయి నిలబడి, మళ్లీ అదే కౌంటర్ మీద మోచేతులు ఆనించాను.