కొలంబో పార్కులో అడిగిన పేరు

ఈ సంగతి ఇన్నేళ్లు రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. మాది అంగడి పెట్టుకుని బతికే కుటుంబం. మగపిల్లలకు పలక ఇచ్చేవాళ్లు, మాకు చేట ఇచ్చేవాళ్లు. అరవై దాటాక, ఊళ్లో పెద్దవాళ్లకు పెట్టిన బళ్లో కూర్చుని నేర్చుకున్నాను.

స్వతంత్రం వచ్చిన కొన్నేళ్లకు, మా పెళ్లయిన రెండో ఏడు, ఆయనకు కొలంబోలో ఒక ఎండుమిరపకాయల కొట్లో గుమాస్తా పని దొరికింది. ఆత్మకూరులో బస్సెక్కి, నెల్లూరులో రైలెక్కి, ధనుష్కోటిలో ఓడెక్కి, మళ్లీ రైలెక్కి ఆ ఊళ్లో దిగాము. కొట్టు ఎక్కడుందో వెతకాలి. ట్రంకుపెట్టెతో నన్ను ఎండలో తిప్పడం ఎందుకని ఆయన ఒక పార్కులో చెట్టు కింద కూర్చోబెట్టారు.

"ఈడనే కూసో. గంటలో వచ్చేస్తాను. ఎవురేం చెప్పినా కదలబాకు."

"అడ్రసు కాయితం నాకియ్యరాదా?"

"ఇస్తే ఏం చేస్తావే, చదువుతావా?" అని నవ్వి, కాగితం జేబులో పెట్టుకుని వెళ్లారు.

అంత పచ్చిక నేనెప్పుడూ చూడలేదు. ఒక్క గొర్రె లేదు, మేక లేదు. ఊరికే చూడ్డానికి పెంచిన గడ్డి! మా ఉదయగిరి కొండ కింద అయితే తెల్లారేసరికి మట్టి తేలేది. మొదటి గంట అలా చూస్తూనే గడిచింది. రెండో గంట గేటునే చూశాను. మధ్యాహ్నం దాటింది. ఆయన రాలేదు.

గేటు దగ్గర వేరుశనక్కాయలు అమ్మే ఒక ముసలామె నన్ను గమనించి, పొట్లం తెచ్చి ఒళ్లో పెట్టింది. తమిళామె. మద్రాసులో తెలుగువాళ్ల మధ్య కొన్నాళ్లు ఉందట, తెలుగు బాగానే వచ్చు.

పొద్దు వాలింది. కాకీ చొక్కా కాపలాదారు గంట కొడుతూ అందరినీ బయటికి పంపుతున్నాడు. నా దగ్గరికి వచ్చి గేటు చూపించాడు. నేను పెట్టెను వాటేసుకున్నాను. ఇక్కడి నుంచి లేస్తే ఆయన నన్నెక్కడ వెతుక్కుంటారు?

అతను సింహళంలో ఏదో గట్టిగా అన్నాడు. ముసలామె అడ్డం వచ్చింది. "కోపం లేదమ్మా. మీ ఆయన పేరు అడుగుతున్నాడు. ఎదురుగా పోలీస్ స్టేషన్ ఉంది. పేరు చెబితే ఆసుపత్రులకు ఫోన్ చేయిస్తాడు."

పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ చెప్పింది. ఊళ్లో ఎవరైనా అడిగితే "కొండ సామి పేరే" అంటే చాలు. మా వైపు ఇంటికొకరికి ఆ పేరుంటుంది. అదే అన్నాను.

"ఏ కొండ? మురుగనా?"

కాదన్నాను.

"ఏడుకొండలవాడా?"

"ఆయన కాదు. మా కొండ సామి."

కాపలాదారు ఏదో అని నవ్వాడు. ముసలామె కూడా నవ్వింది. "వాడేమంటున్నాడో తెలుసా? నీకు మొగుడే లేడంట, పెట్టెతో లేచిపోయి వచ్చినావంట."

ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె నవ్వు ఆపి నా పక్కన కూలబడింది. "నేను కూడా చెప్పలేదమ్మా, ఇరవై ఏళ్లు. ఒక్కసారి కూడా పలకలేదు. అయినా పోలేదా ఆయన?"

ఆమె చెవిలో చెప్పాను. నా మాట నాకే వినపడలేదు.

ఆమె చెప్పింది విని కాపలాదారు వెళ్లి, కాసేపటికి అడ్డంగా తల ఊపుతూ వచ్చాడు. అలాంటి పేరు ఎక్కడా లేదట. ఏ పేరు చెప్పావని అడిగించాను. అతను పలికింది విని ఒళ్లు మండింది. ఆ పేరు మా ఊళ్లో ఎద్దుక్కూడా పెట్టరు. లేచి నిలబడి ఆయన పేరు గట్టిగా అరిచాను. అతను తప్పుగా పలికాడు. మళ్లీ అరిచాను. నాలుగోసారికి సరిగా వచ్చింది. దాన్నే వల్లె వేసుకుంటూ పరిగెత్తాడు.

ఈసారి గేటు దగ్గరి నుంచే చేతులూపుతూ, వచ్చీరాని తమిళంలో "ఇరుక్కిరార్! ఇరుక్కిరార్!" అని కేక పెట్టాడు.

ఏ బండి కిందో ఇరుక్కుపోయారనుకున్నాను. పచ్చికలో కూలిపోయాను. పేరు పలికినందుకే ఇలా అయిందని తల బాదుకున్నాను. ముసలామె నా చేతులు పట్టుకుని ఊపేసింది. "పిచ్చిదానా, ఉన్నాడు అంటున్నాడు! మా మాటలో ఉన్నాడని!"

వడదెబ్బ తగిలి రేవు దగ్గర పడిపోతే ఎవరో ఆసుపత్రిలో చేర్చారట. జేబులోని అడ్రసు కాగితం మీద ఆయన పేరు కూడా ఉంటే, అది చూసి రాసుకున్నారట. పొద్దున గాని చూడనివ్వరన్నారు. కాపలాదారు గేటుకు తాళం వేసి, నా పెట్టె నెత్తిన పెట్టుకుని ముసలామె గుడిసె దాకా మోశాడు.

మర్నాడు పొద్దున ఆమె నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. కిటికీలో గుమాస్తా తలెత్తకముందే ఆయన పేరు చెప్పాను. వినపడలేదని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. వరండా అంతా మోగేలా చెప్పాను.

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఎవురది, పేరు పెట్టి అరిచేది?"

"నేనే," అని లోపలికి పోయాను.