అద్దెకు తెచ్చిన ముత్తాత

నిన్న ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో వైన్ సీసా బిరడా తీయగానే, ఆ పుల్లటి వాసన నన్ను నేను పెరిగిన ఊరు ఐసెలిన్‌కి లాక్కెళ్ళింది. అక్కడ మా నాన్న కిరాణా కొట్టు పక్కనే వైన్ షాపు ఉండేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఓడెక్కి అమెరికా వచ్చిన పూర్వీకుడి ఫోటో తెచ్చి, ఆయన గురించి క్లాసులో మాట్లాడమన్నారు. మా నాన్నేమో విమానంలో వచ్చాడు. అడిగిన సరుకు ‘లేదు’ అనకూడదు, పక్క కొట్లోంచైనా తెచ్చివ్వాలి అన్నది మా కొట్టు పద్ధతి. నేను వైన్ షాపుకి పరిగెత్తాను.

అక్కడి అంకుల్ వెనక గోడకి, ఫోటోలో, వాళ్ళ మీసాల ముత్తాత ఉండేవాడు. ఆయనది ఫ్రెంచి ద్రాక్షసీమ బర్గండీ అట. అమెరికా నుంచి వెళ్ళిన పురుగు ఆయన ద్రాక్షతోటని తినేస్తే, ఆయన ఓడెక్కి అమెరికాకే వచ్చేశాడట.

“అంకుల్, మీ ముత్తాతని ఎంతకిస్తారు?”

“అమ్మకానికి లేడమ్మా. అద్దెకైతే ఇస్తా.”

“ఒక్కరోజుకి రెండు ప్యాకెట్ల జంతికలు.”

“ఫ్రెంచివాడు మరి. మూడు!”

“పాత సరుకే కదంకుల్!”

“పాతబడేకొద్దీ మా దగ్గర రేటు పెరుగుతుంది.”

మూడూ ఇచ్చుకున్నాను. మర్నాడు ఆయన ఓడ కథ చెప్తే క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఫోటో వారం రోజులు గోడకి ఉంచుదామని టీచర్ అంది.

“కుదరదు మిస్, సాయంత్రానికి తిరిగిచ్చేయాలి” అన్నాను.

పోయిన వారం మా అమ్మాయికీ అలాంటి హోమ్‌వర్కే వచ్చింది. అది వాళ్ళ తాతని, అంటే మా నాన్నని, ఎంచుకుంది. ఆయన లుంగీలో చుట్టి తెచ్చిన ఆవకాయ జాడీ సూట్‌కేసంతా కారిన కథ రాసింది.

“తాత ఓడెక్కలేదు కదే?”

“సో వాట్ అమ్మా? తాత ఈజ్ ఫన్నీ.”

సరుకు మా కొట్లోనే ఉందన్నమాట. మూడు ప్యాకెట్ల జంతికలు దండగ.