రాజమణి అక్క ఇంగ్లీషులో ఇచ్చిన మాట

నిన్న పొద్దున వాట్సాప్‌లో మెసేజ్ చూసి, టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

రాజమణి అక్క ఇక లేదట.

మొన్న ఆదివారమే గంటసేపు ఫోన్‌లో మాట్లాడింది. నా మోకాళ్ల నొప్పి గురించి నాకే క్లాసు పీకింది. వాళ్ల ఊరు జిన్నారం వెళ్లి, ఆమె మొహం చూసేదాకా నమ్మలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలియాలి. అందుకే రాస్తున్నా.

డెబ్బైలలో పటాన్‌చెరు దగ్గర ఒక మెషిన్ పార్ట్స్ ఫ్యాక్టరీలో మేమిద్దరం స్విచ్‌బోర్డు మీద టెలిఫోన్ ఆపరేటర్లం. ఆరు నెలలు ట్రయల్. ఆ తర్వాత ఒక్కరినే పర్మనెంట్ చేస్తామని మొదటి రోజే చెప్పేశారు.

మాది గుంటూరు నుంచి వచ్చి బీరంగూడలో స్థిరపడ్డ కుటుంబం. నేను బీఏ. గ్రామర్ మొత్తం కంఠతా వచ్చు, ఫోన్ ఎత్తితే మాత్రం నోరు పెగలదు.

అక్క జిన్నారం మనిషి. తెలుగు మీడియంలో టెన్త్. భర్త మంచాన పడ్డాడు, ఇద్దరు చిన్న పిల్లలు. ఆ ఉద్యోగం నాకు అవసరం, ఆమెకి ప్రాణం.

ఆమె ఇంగ్లీష్ ఎలా నేర్చుకుందో తెలుసా?

మద్రాస్ హెడ్డాఫీసులో ఒక ఆంగ్లో ఇండియన్ ఆపరేటర్ ఉండేవారు. మేం ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. లంచ్ టైంలో లైన్ ఖాళీగా ఉంటే అక్క ఆవిడని అడిగేది. పొద్దున మీరు "బేర్ విత్ మీ" అన్నారు కదా, కాస్త ఓపిక పట్టమని, అది ఎప్పుడు అనాలి? పెద్ద ఆఫీసర్లతో అనొచ్చా?

అక్కకి ఒక రూల్ ఉండేది. కొత్త మాట ఏదైనా ముగ్గురు కాలర్స్‌తో వాడాకే నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. వాడని మాట రాసేది కాదు.

రాసిన ప్రతి మాటా నాకూ నేర్పేది. పోటీలో ఉన్నదాన్ని, నాకెందుకు చెప్తున్నావక్కా అంటే నవ్వేది.

"నాకొక్కదానికే వస్తె ఏం గమ్మతు? ఎవలితోని మాట్లాడాలె?"

మా ఆఫీసర్లు రోజుకి పదిసార్లు అనే మాట "లీవ్ ఇట్ విత్ మీ". నాకు వదిలేయండి, నేను చూసుకుంటా అని. అనడం, ఫోన్ పెట్టేయడం, మర్చిపోవడం.

అక్క ఒకసారి ఆ మాట ఒక కస్టమర్‌తో అంది. అని ఊరుకోలేదు. లంచ్ మానేసి స్టోర్స్‌కి, అక్కడి నుంచి డిస్పాచ్‌కి వెళ్లి, ఆయన సరుకు ఎక్కడుందో కనుక్కుని తిరిగి ఫోన్ చేసింది. ఆపరేటర్ స్టోర్స్ గడప తొక్కడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎరగరు. పర్సనెల్ ఆఫీసర్ పిలిచి చీవాట్లు పెట్టారు.

"మాటిచ్చిన సార్. గందుకే పోయిన."

అది ఊరికే అనే మాటమ్మా అన్నారాయన.

"ఊకెనే అయితె ఎందుకనాలె సార్?"

ఆఫీసంతా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

ఆరో నెల చివర్లో మాకు టెస్ట్. ఆ పర్సనెల్ ఆఫీసరే తన గదిలో ఎక్స్‌టెన్షన్ మీద మా కాల్స్ వింటారు.

నా వంతులో బొంబాయి నుంచి ఒక పార్టీ. పార్ట్ రాక మెషిన్ ఆగిపోయిందని ఒకటే అరుపులు. నా గ్రామర్ ఎటు పోయిందో నాకే తెలీదు.

పక్క కుర్చీలోంచి ఒక చీటీ నా ముందుకి జరిగింది. అదే మాట. లీవ్ ఇట్ విత్ మీ, సర్.

చదివేశాను. అవతల గొంతు తగ్గింది. నేను హమ్మయ్య అనుకుంటుంటే అక్క నా భుజం తట్టింది.

"అన్నవ్ కదా. ఇగ లే, డిస్పాచ్‌కి పో. బోర్డు నేను సూస్త."

వెళ్లాను. ఆ పార్ట్ ఉన్న పెట్టె మీద అడ్రస్ తప్పు రాసి మూలన పడేశారు. సరిచేయించి, ఆ రోజు లారీలోనే ఎక్కించి, లారీ నంబర్ బొంబాయికి చెప్పాను.

సాయంత్రం ఆఫీసర్ ఇద్దరినీ పిలిచి పోస్టు నాది అన్నారు. ఇంత సహజమైన ఇంగ్లీష్, ఇంత బాధ్యత చూడలేదన్నారు. అక్క కంగ్రాట్స్ చెప్పి చెయ్యి కలిపింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

నా జీతం మీద ఇద్దరు తమ్ముళ్ల చదువు ఉంది. ఒక్క నిమిషం నోరు మూసుకుందామనే అనుకున్నా. అబద్ధం ఎందుకు.

కానీ చెప్పేశాను. సార్, మాట ఆమెది. లేపి పంపించిందీ ఆమే. నేను నడిచానంతే.

మర్నాడు ఆర్డర్ రాజమణి పేరు మీద వచ్చింది.

నెల తిరక్కుండా అక్క చుట్టుపక్కల ఫ్యాక్టరీల ఆపరేటర్లందరికీ ఫోన్లు చేసి నాకు ఒకచోట టైపిస్ట్ ఉద్యోగం వెతికిపెట్టింది. తను రిటైరయ్యేదాకా ఆ బోర్డు మీదే ఉంది. ఆమె ఒక్కసారి ఆ మాట అంటే పని అయినట్టేనని బొంబాయి, మద్రాస్ పార్టీలు కూడా చెప్పుకునేవాళ్లు.

నిన్న వాళ్లింట్లో మనవరాలు నన్ను అందరికీ పరిచయం చేసింది. నానమ్మకి ఉద్యోగం ఇచ్చిన సరళ గారు అని.

ఇన్నేళ్లూ అక్క ఇంట్లో అలాగే చెప్పిందట. నాతో మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

లేదు తల్లీ. ఇవ్వడానికి ఆ ఉద్యోగం నా దగ్గర ఎప్పుడూ లేదు. మొదటి రోజు నుంచీ అది మీ నానమ్మదే. నిన్న ఏడుపులో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు అందరి ముందూ చెప్తున్నా.

వెళ్లిరా అక్కా. నీ పక్క కుర్చీలో ఆరు నెలలు కూర్చున్నానని చెప్పుకోవడం నాకు చాలా గర్వం.

ఇకనైనా హాయిగా విశ్రాంతి తీసుకో.