ఇంట్లో నిన్నేమని పిలుస్తారు?

పోయిన నెల మా పిన్ని ఇక్కడ దోహాలో కన్నుమూసింది. ఆస్పత్రి నుంచి బాబాయి ఫోన్ చేసి "అయిపోయిందమ్మా" అని ఒక్క మాట అన్నాడు. నేను ఆస్పత్రికి చేరేలోపే ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆమె ఫొటో తిరిగేస్తోంది. కింద "గల్ఫ్‌లో తెలుగు న్యూమరాలజీకి ఆద్యురాలు" అని రాసి, పక్కన దండాల బొమ్మలు. చివరి ఏళ్ళలో ఆమె గడప తొక్కనివాళ్ళే ఆ దండాలు ఎక్కువ పెట్టారు. ఆద్యురాలన్న మాట మాత్రం నిజం. ఆ నిజానికి ఆమె ఏం చెల్లించుకుందో తెలిసినదాన్ని కాబట్టి ఇది రాస్తున్నాను.

పిన్ని లెక్కల టీచరు. బాబాయి ఉద్యోగం వల్ల దోహా వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అల్ ముంతజా అనే పేటలో వాళ్ళింట్లోనే ఉన్నాను. అప్పటికి పేరుకు అంకెలు చూడాలంటే ఇంగ్లీషు స్పెల్లింగే ఆధారం. ఒక ఏ కలుపు, ఒక హెచ్ తీసెయ్ అనేవాళ్ళు. పిన్నికి అది నచ్చేది కాదు. "మనల్ని కన్నవాళ్ళు స్పెల్లింగు చూసి పిలిచారుటే?" అనేది. తెలుగు అక్షరాలకూ గుణింతాలకూ, నోటితో పలికే తీరును బట్టి తనే అంకెలు కట్టింది. కళ్ళు మూసుకుని, బొటనవేలిని మిగతా వేళ్ళ కణుపుల మీద జరుపుకుంటూ లెక్క చెప్పేది. నాకు ఆ శాస్త్రం మీద నమ్మకం కుదరలేదు, ఇప్పటికీ లేదు.

అయినా శుక్రవారం పొద్దున్నే ఆ ఇంటి హాలు ఎందుకు నిండిపోయేదో నాకు తెలుసు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకొచ్చి కూర్చుంటుంది కనుక ఇక్కడ కంపెనీల్లో మనవాళ్ళలో చాలామందిని ఇంటిపేరుతోనే పిలుస్తారు. లేబర్ క్యాంపుల్లో ఉండేవాళ్ళకైతే ఐడీ నంబరే పేరు. పిన్ని ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేది: "ఇంట్లో నిన్నేమని పిలుస్తారు నాయనా?" ఒకసారి మీసం నెరిసిన క్రేన్ ఆపరేటరు ఒకాయన తల దించుకుని, "చిట్టి అంటారమ్మా" అన్నాడు. అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. పిన్ని మంచినీళ్ళిచ్చి, ఆయన తేరుకున్నాక గానీ కణుపుల దగ్గరికి వెళ్ళలేదు.

"అడిగితే చాలు కదా పిన్నీ, ఆ లెక్కెందుకు?" అన్నాను ఆయన వెళ్ళాక.

"లెక్క లేకపోతే నాకెవరు చెబుతారే? ఊరికే అడిగితే పిచ్చిదనుకుంటారు" అని నవ్వింది.

ఆమె దగ్గర నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. ఐటీ ఉద్యోగి, చురుకైనవాడు. పిన్ని చేతి కాఫీ తాగుతూ ఆ పద్ధతంతా పట్టేశాడు. తర్వాత దాన్ని యాప్‌లో పెట్టాడు, వీడియోలు చేశాడు, సొంత పోస్టర్లు వేసుకున్నాడు. ఆమె అడిగే ప్రశ్నకు మాత్రం అందులో చోటు దొరకలేదు. తిప్పి తిప్పి మళ్ళీ ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గరికే తెచ్చాడు.

కడప వైపు నుంచి వచ్చిన హౌస్ డ్రైవర్ ఒకతను ఉత్తరాన దూరంగా ఉన్న మదీనత్ అల్ షమాల్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసేవాడు. ఒక శుక్రవారం పిన్ని దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇస్తాండా. పేర్లో ఒగ అక్షరం మారిస్తే బాగుపడతానంట గదా?"

"ఎవరు చెప్పారు?"

"మీ శిష్యుడేమ్మా."

"వద్దు నాయనా. కాగితాల జోలికి వెళ్ళకు. నేను చూసేది నోటితో పిలిచే పేరు."

సరేనని తలూపి వెళ్ళాడు. కానీ పోస్టర్ మీదున్న మనిషి మాటే గట్టిగా పనిచేసింది. కొత్త పాస్‌పోర్టులో పేరు మారింది, ఇక్కడి రెసిడెన్సీ కార్డులో పాతదే ఉంది. రెండూ కలవక కార్డు రెన్యువల్ ఆగింది, దాంతో లైసెన్సూ ఆగింది. పిల్లల్ని బడికి దింపడానికి ఆ ఇంటివాళ్ళు ఇంకో డ్రైవర్ను పెట్టుకున్నారు.

ఆ కబురు తెలిసి పిన్ని నన్ను కారు తియ్యమంది. మండుటెండలో షమాల్ దాకా వెళ్ళాం. ఆ ఇంటి పెద్దాయన మర్యాదస్తుడు, లోపల కూర్చోబెట్టి గహ్వా, అదే అరబ్బుల కాఫీ, ఇచ్చాడు. పిన్ని చెప్పినదంతా విని, "అచ్ఛా ఆద్మీ హై మేడమ్. లేకిన్ పేపర్ మాఫీ" అన్నాడు, మనిషి మంచివాడే గానీ కాగితం లేదని. ఇక ఆయన చేతుల్లో ఏమీ లేదు. గేటు దగ్గర ఆ కడప డ్రైవరే మా కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మీరు వద్దన్నారు గదమ్మా. నేనే ఇన్లేదు" అన్నాడు.

దోహా దగ్గరపడ్డాక పిన్ని, "నేను మొదలుపెట్టకపోతే వాడికి అమ్ముకోవడానికేం ఉండేది?" అంది. నేను కాదని వాదించాను. ఆమె వినలేదు.

డ్రైవర్ ఊరికి వెళ్ళిపోయాడు. ముంతజా మేడమ్ పేరు మార్పించి అతని కడుపు కొట్టిందని ఇక్కడి తెలుగువాళ్ళంతా అన్నారు. శిష్యుడు నోరు విప్పలేదు. ఉగాది సభలో ఏటా పిన్ని కూర్చునే కుర్చీలో ఆ ఏడు అతన్ని కూర్చోబెట్టారు. పిన్ని అంకెలు చూడటం మానేసింది. వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేది. ఆ రాకపోకలూ తగ్గాయి. నాకు కూతురు పుట్టినప్పుడు, సరదాకైనా ఒక్కసారి చూడమని బతిమాలాను. పసిదాని నుదురు నిమిరి, "గట్టిగా పిలవడానికి ఏది బాగుంటే అది పెట్టుకో" అంది. ఆ చేతివేళ్ళు కదలలేదు.

అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక హోటల్ పైఅంతస్తులో సంతాపసభ పెట్టారు. శిష్యుడు మైకు పట్టుకుని, "మేడమూ నేనూ కలిసి ఈ శాస్త్రాన్ని నిర్మించాం" అన్నాడు.

నేను లేచాను. "ఆవిడ దీన్ని మానేసింది. ఎందుకు మానేసిందో కూడా చెప్పండి."

అతను నా వైపు జాలిగా చూసి, "బాధలో ఉన్నారు" అన్నాడు. వెనక నుంచి ఎవరో, "యల్లా, పదండి, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు. కుర్చీలు కదిలాయి.

బాబాయి పిన్నిని ఊరికి తీసుకెళ్తూ ఇంటి తాళాలు నాకిచ్చాడు. శుక్రవారం మొక్కలకు నీళ్ళు పోద్దామని వెళ్ళేసరికి, తలుపు ముందు ఒక కుర్ర జంట నిలబడి ఉంది. అమ్మాయి చేతుల్లో గుడ్డల్లో చుట్టిన బిడ్డ. మదీనత్ అల్ షమాల్ నుంచి బస్సుల్లో వచ్చారట.

"పేరు పెట్టించుకుందామని వచ్చినాం అక్కా. మేడమ్ ఉన్నారా?"

"లేరు" అన్నాను.

"పర్లేదక్కా, వచ్చేదాకా కూసుంటాం" అని ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. చెప్పాల్సింది చెప్పకుండా, తాళం తీసి వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. లిఫ్ట్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆ అమ్మాయి కొంగు సర్దుకుని, బిడ్డ మొహం కనిపించేలా గుడ్డ పక్కకు తీసి, లేచి నిలబడుతోంది.