ఒట్టి ఆమ్లంలో సీసం

మహబూబాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఆ ఏడు ఇంటి తిండిలో లోహాలు కొలవడం నేర్పుదామనుకున్నాను. ఎవరింట్లో వండింది వాళ్లు తేవాలి. దాన్ని బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి, వరంగల్‌లో మెషిన్ ఉన్నచోటికి పంపుతాం. మా ల్యాబులో మొదటిసారి మనుషులు తినే తిండి వాసన వచ్చింది.

నెల్లికుదురు నుంచి వచ్చే అమ్మాయి చింతపండు పులుసు తెచ్చింది. వాళ్ల నాన్న ఇత్తడి గిన్నెలకు లోపల తగరంతో కళాయి పూస్తాడు. పులుసు కాచింది ఆయన పూసిన గిన్నెలోనే. ఆమె వంతు వచ్చేసరికి ఆమ్లం అయిపోతే, బీరువా అడుగునున్న పాత సీసా తీసిచ్చాను.

అందరి ఫలితాలూ మామూలే. ఆమె పులుసులో మాత్రం సీసం బాగా ఎక్కువ. ఎట్టకేలకు చెప్పుకోదగ్గ ఫలితం ఒకటి వచ్చిందని సంబరపడి, ఆ కాగితం క్లాసంతటికీ చూపించాను. ఆమె తల దించుకుని అంకె రాసుకుంది.

ఆ సీసం కళాయిలోదేనని ఇంటికెళ్లి చెప్పింది. తండ్రి నిజాయితీపరుడు, అదే వచ్చిన చిక్కు. తాను కళాయి పూసిన ఇళ్లన్నీ తిరిగి, ఆ గిన్నెల్లో వండొద్దని చెప్పి, పని మానేశాడు. మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోస్తున్నాడని రెండు నెలల తర్వాత తెలిసింది.

అప్పుడు గుర్తొచ్చింది. సీసా మారిస్తే, తిండేమీ కలపని ఒట్టి ఆమ్లాన్ని కూడా కొలిపించాలి. మొదటి వారం నేను చెప్పే పాఠమే అది. కొలిపిస్తే, సీసమంతా ఆమ్లంలోనే ఉంది. అదే గిన్నెలో మళ్లీ కాయించిన పులుసులో ఏమీ లేదు.

నెల్లికుదురు వెళ్లి, తప్పు నాదని ఆయనకు చెప్పాను.

“పరేషాన్ కాకుండ్రి సార్. గంత పెద్ద సదువుల జర అటిటు అయితది,” అని నన్నే ఓదార్చాడు.

ఆ ఇళ్లకు నేనే వచ్చి చెప్తానన్నాను. ఆయన వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. మొదటి ఇంటావిడ ఓపికగా అంతా విన్నది.

“విషమన్నది మీరే, కాదంటున్నది మీరే. రేపింకోటి అనరని ఏంది సార్ నమ్మకం? మా ఇత్తడి ఎప్పుడో అమ్మేసినం.” ఆయన వైపు తిరిగింది. “ఏమనుకోకన్నా.”

“ఏమనుకుంట చెల్లే,” అన్నాడాయన.

బయటికొచ్చాక, పక్కింటికి పోదామన్నాను. ఆయన చెప్పులేసుకుంటూ చిన్నగా నవ్వాడు.

“వద్దు సార్. మా ఇంటామెనే ఇంక స్టీలు గిన్నెల వండుతున్నది.”